13 ఏళ్ల తేడా: మొదట్లోనే మాట్లాడుకోవాల్సిన సంగతులు

మీకూ మీరు ఇష్టపడే మనిషికీ మూడు నాలుగేళ్ల తేడా అయితే ఇది మీకు పెద్దగా పనికిరాదు. మహేష్ బాబు కంటే నమ్రత పెద్ద, సచిన్ కంటే అంజలి పెద్ద అని చెప్పుకుని ఇంట్లో నెట్టుకురావచ్చు. నేను రాసేది 10, 12, 15 ఏళ్ల తేడా ఉన్నవాళ్ల గురించి. నాకు 33. టీచర్‌కి 46. (నాకు చదువు చెప్పిన టీచర్ కాదు, కంగారు పడకండి. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. నలుగురిలో ఉన్నప్పుడు నేను 'టీచర్' అనే పిలుస్తాను కాబట్టి ఇక్కడా అదే రాస్తున్నాను.) నేను హన్మకొండలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సూది గుచ్చినవాణ్ణే. టీచర్‌తో పరిచయం కూడా అలాగే. ఆవిడకి విడాకులై చాలా ఏళ్లయింది. కూతురు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతోంది, 19 ఏళ్లు. అంటే నాకూ టీచర్‌కీ 13 ఏళ్లు, నాకూ వాళ్లమ్మాయికీ 14 ఏళ్లు. ఈ రెండో లెక్క వినగానే జనం మొహాల్లో రంగు మారుతుంది.

అందరూ భయపెట్టేది లోకం గురించే. లోకం ఏమంటుందో చివర్లో రాస్తాను, ఎందుకంటే అది అనుకున్నంత కష్టం కాదు. మనకన్నా బాగా పెద్దవాళ్ల జీవితం అప్పటికే ఒక పద్ధతిలో పడిపోయి ఉంటుంది, కష్టమంతా అక్కడే. ఇల్లు, పిల్లలు, లోన్, మందుల డబ్బా, పాత పెళ్లి తాలూకు చేదు, ఐదింటి కాఫీ, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. మనం ఎక్కుతున్నది నడుస్తున్న బస్సు. ఎటు పోతోందో బోర్డు చదివి ఎక్కాలి, టికెట్ మన డబ్బుతో కొనుక్కోవాలి.

ముందు ఇవి చూసుకోండి

మీకు 18 నిండకపోతే ఇక్కడితో ఆగిపోండి. మీరెంత ఇష్టపడినా చట్టం దృష్టిలో అవతలి మనిషి చేసేది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద నేరం, ఆ సంగతి వాళ్లకి తెలియకుండా ఉండదు. మీకు 19, 20 ఉండి అవతల 40 దాటినవాళ్లు ఉంటే, మీ సంపాదన మొదలయ్యేదాకా ఆగమనే నా సలహా. మీకు మార్కులు వేసేవాళ్లు, జీతం ఇచ్చేవాళ్లు, ప్రమోషన్ రాసేవాళ్లు అయితే ఎంత మంచివాళ్లైనా వద్దు. గొడవ వచ్చిన రోజు మీ చదువో ఉద్యోగమో వాళ్ల చేతిలో ఉంటుంది.

రెండోది కాగితం. పెద్దవాళ్లతో ప్రేమ అంటే చాలాసార్లు వాళ్లకి ముందొక పెళ్లి ఉంటుంది. 'మేం విడిగానే ఉంటున్నాం', 'కేసు కోర్టులో నడుస్తోంది' అంటే విడాకులు అయినట్టు కాదు. పెద్దమనుషుల ముందు స్టాంప్ పేపర్ మీద రాసుకున్న తెగదెంపులు చాలామట్టుకు కోర్టులో నిలబడవు. కోర్టు ఇచ్చిన డిక్రీ కాపీ చూడండి. డిక్రీ వచ్చాక కూడా అప్పీలు గడువు దాటాకే మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. అడగడానికి మొహమాటపడకండి. నేను అడగకముందే టీచర్ జిరాక్స్ తెచ్చి చేతిలో పెట్టింది. నిజంగా విడాకులైన మనిషికి ఆ కాగితం చూపించడం అవమానంగా అనిపించదు.

మూడోది చిన్న మాట, కానీ చెవిన పడితే వదలకండి: 'నీకు తెలియదులే, నువ్వింకా చిన్నదానివి', 'చిన్నోడివి'. ముద్దుకి ఒకసారి అంటే సరే. డబ్బు విషయంలోనో, మీ స్నేహితుల విషయంలోనో, మీరు ఏ ఉద్యోగం చేయాలన్న విషయంలోనో అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ మనిషి మీలో చూస్తున్నది తోడుని కాదు. తనకంటే బాగా పెద్ద మగవాణ్ణి ఇష్టపడిన అమ్మాయిలు దీన్ని మరీ గమనించాలి. మేనమామలకిచ్చి పెళ్లిళ్లు చేసిన ఊళ్లు మనవి, మగవాడు 12 ఏళ్లు పెద్దంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఎవరూ అడ్డు చెప్పకపోవడం వల్లే ఆ అమ్మాయి అడగాల్సినవి అడగకుండా మిగిలిపోతాయి.

ఒక కాగితం మీద వయసులు రాయండి

నా దగ్గరున్న సలహాల్లో బాగా పనికొచ్చేది ఇదే, అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను. లెక్కల టీచర్ కాబట్టి ఆలోచన ఆవిడది. మా ల్యాబ్ టెస్ట్ ఫారం వెనకవైపు నిలువు గీతలు గీసింది. ఒక గడిలో నా వయసు, పక్క గడిలో తన వయసు, తర్వాత వాళ్లమ్మాయిది, చివర మా అమ్మది. ఐదేళ్లకొక వరుస.

మొదటి వరుస 33, 46, 19, 58. రెండోది 38, 51, 24, 63. ఇక్కడ 'అమ్మాయి ఉద్యోగం లేదా పెళ్లి' అని రాసింది. మూడోది 43, 56, 29, 68. నాలుగోది 48, 61, 34, 73. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకి 61కి రిటైర్‌మెంట్, ఆ గడి చుట్టూ గుండ్రంగా గీసింది. (ఆంధ్రలో అయితే 62, కేంద్ర ప్రభుత్వంలో 60.) టీచర్ ఇంటి పట్టున ఉండి, ఎక్కడికైనా తిరిగొద్దామా అనే రోజుల్లో నేనింకా పొద్దున ఆరున్నరకి ఫాస్టింగ్ సాంపిల్స్ తీస్తూ ఉంటాను. కింద ఇంకో రెండు వరుసలు కూడా ఉన్నాయి. 53, 66. తర్వాత ఐదేళ్లు కాకుండా ఒక్కసారే 60కి దూకింది. నాకు 60, ఆవిడకి 73. ఆ వరుసకి ఎదురుగా ఏమీ రాయలేదు. పెన్ను నాకిచ్చింది.

ఈ కాగితం వల్ల లాభమేంటంటే, 'వయసు తేడా' అనే గాలిలో భయం పోయి పనులు కనబడతాయి. మా అమ్మకి 73 వచ్చే వరుసలోనే టీచర్ రిటైర్ అవుతుంది, అంటే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, సంపాదించేది నేను. అందుకని నేను ఇప్పుడే ఏం చేయాలి? డీఎంఎల్‌టీతో (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) ఆగిపోకుండా ఇంకేదైనా చదవాలా? ఇలాంటి మాటలు వస్తాయి. వాటిని ప్రేమ కబుర్లనుకోరు గానీ, మా మధ్య నడిచిన మంచి సాయంత్రాల్లో అదొకటి.

ఆ కాగితం మీదే పిల్లల సంగతి కూడా తేల్చుకోవాలి, ముఖ్యంగా అవతల ఉన్నది 40 దాటిన స్త్రీ అయితే. 'తర్వాత చూద్దాం' అనకండి, అక్కడ తర్వాత అనేది లేదు. మన దేశంలో ఆడవాళ్లకి సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో పీరియడ్స్ ఆగిపోతాయి. ఐవీఎఫ్ లాంటివాటికి 2021లో వచ్చిన చట్టం ప్రకారం స్త్రీకి 50, పురుషుడికి 55 దాటకూడదు. దత్తతకైతే కారాలో (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ చేసుకోవాలి, అక్కడ దంపతుల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకి 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100. పైగా పెళ్లై కనీసం రెండేళ్లు కలిసి ఉండాలి. మాకిప్పుడు 79. ఈరోజే పెళ్లయినా అర్హత వచ్చేనాటికి 83. నాకు పిల్లల మీద పెద్ద యావ లేదు, వద్దనుకున్నాం. మీకు కావాలంటే మాత్రం ఆ మాట మొదటి నెలల్లోనే చెప్పేయండి. లోపల దాచుకుని అవతలి మనిషి మనసు మార్చవచ్చనుకోవడం ఇద్దరికీ అన్యాయం.

పిల్లలున్నచోట

మీరు వాళ్లకి నాన్నో అమ్మో కాబోరు. ఆ పాత్ర కోసం ప్రయత్నించకండి, ఎవరూ మిమ్మల్ని అడగలేదు. చిన్నపిల్లలైతే మీ సంబంధం స్థిరపడేదాకా వాళ్లకి పరిచయం చేయకపోవడం మంచిది. పెద్దపిల్లలైతే వాళ్ల అమ్మో నాన్నో ఒంటరిగా చెప్పాలి, మీరు అక్కడ ఉండకూడదు. తర్వాత వాళ్లు కలవాలంటేనే కలవాలి.

అమ్మాయి కలుస్తానంది. నేను కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను. స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది మెత్తబడి కప్పులో పడిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్పూన్‌తో దాన్ని తీస్తూ అడిగింది: "మీకు 50 వచ్చేసరికి మా అమ్మకి 63. అప్పుడు విసుక్కోరా?" దారంతా ఏవేవో జవాబులు అనుకుంటూ వచ్చాను గానీ ఇది అనుకోలేదు. "ఏమో, ఒక్కోసారి విసుక్కుంటానేమో" అన్నాను. "అమ్మ కూడా బాగా విసుక్కుంటుంది లెండి" అని మొదటిసారి నవ్వింది. పెద్ద పెద్ద హామీలు ఇచ్చి ఉంటే ఆ పిల్ల నమ్మేది కాదు. ఇప్పటికీ నన్ను ఏ వరుసా పెట్టి పిలవదు. అన్నా అనలేదు, అంకుల్ అనలేదు. "ఇదిగో" అంటుంది, నేను పలుకుతాను. ఆ పిలుపు కోసం తొందరపెట్టకండి.

ఇల్లు, డబ్బు

పెద్దవాళ్ల దగ్గర మనకన్నా ఆస్తి ఎక్కువ ఉంటుంది, జీతమూ ఎక్కువే. నా జీతం కంటే టీచర్ జీతం బాగా ఎక్కువ. చాయ్, టిఫిన్, పెట్రోల్ నావి. రామప్పకో లక్నవరానికో వెళ్తే ఒకసారి నేను, ఒకసారి ఆవిడ. పెద్ద ఖర్చు వచ్చే ప్రయాణమైతే ముందే చెప్పుకుంటాం. నా బండి ఈఎంఐ నాదే. ఆవిడ ఒకసారి కడతానంది, వద్దన్నాను. అది అహంకారం కాదు. ఒక ఈఎంఐ కట్టించుకున్నాక ఏ విషయంలోనైనా గట్టిగా 'కాదు' అనడం కష్టమవుతుంది.

ఊళ్లో ఎవరైనా అనే మొదటి మాట 'ఇంటి కోసం పడ్డాడు'. దీనికి నోటితో జవాబు లేదు, కాగితంతో ఉంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా స్త్రీ చనిపోతే ఆమె ఆస్తి పిల్లలకీ భర్తకీ సమానంగా వెళ్తుంది. అంటే మేం పెళ్లి చేసుకున్న మరుక్షణం, టీచర్ ఏళ్ల తరబడి లోన్ కట్టిన ఇంట్లో సగం నాది కాగలదు. కూతురి కడుపులో ఉండే భయం ఇదే, పైకి అనకపోయినా. కాబట్టి పెళ్లి మాట రాగానే వీలునామా మాట నేనే ఎత్తాను. ఇల్లు అమ్మాయికి. వీలునామాకి ఇద్దరు సాక్షులు చాలు, ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే తర్వాత తగువులు తగ్గుతాయి. కొందరు గిఫ్ట్ డీడ్ చేసేయమంటారు. వద్దు. అది రాసిన రోజే ఇల్లు చేతులు మారిపోతుంది, పెద్దావిడ తన ఇంట్లో తనే అతిథి అవుతుంది. వీలునామా అయితే బతికి ఉన్నంతకాలం ఇల్లు ఆవిడదే, మనసు మారితే మార్చుకోవచ్చు.

పీఎఫ్ ఉన్నవాళ్లు పెళ్లయ్యాక నామినేషన్ కొత్తగా వేయాలి, పెళ్లికి ముందు వేసినది చెల్లదు. భర్త చనిపోయి ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్నవాళ్లని మీరు పెళ్లి చేసుకుంటుంటే, ఆ పెన్షన్ ఉంటుందో పోతుందో ముందే సంబంధిత ఆఫీసులో రాతపూర్వకంగా అడగమనండి.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలో ఒక చిట్కా: ఇద్దరికీ కలిపి ఫ్లోటర్ పాలసీ తీసుకుంటే ప్రీమియం పెద్దవాళ్ల వయసుని బట్టి లెక్కేస్తారు. తేడా ఎక్కువున్నచోట ఎవరి పాలసీ వాళ్లకి విడిగా ఉంటే ఎంతవుతుందో కూడా కనుక్కుని పోల్చండి. అప్పటికే ఉన్న జబ్బులకి మూడేళ్లదాకా డబ్బు ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు, కాబట్టి ఏదైనా తేలాక కాదు, తేలకముందే తీసుకోవాలి.

ఒంటి సంగతి

ఇది నా వృత్తి కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను. 45 దాటిన ఆడవాళ్లకి పీరియడ్స్ పూర్తిగా ఆగిపోయే ముందు కొన్నేళ్లపాటు ఒళ్లు మాట వినదు. నెల తప్పుతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. ఫ్యాన్ కింద కూర్చున్నా ఒక్కసారిగా చెమటలు పడతాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. కోపం ఎందుకొచ్చిందో వాళ్లకే తెలియదు. దాన్ని 'నా మీద ఇష్టం తగ్గింది' అని చదవకండి. అలాగని నోరు మూసుకుని భరించమనీ చెప్పకండి, గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ కూడా చూపించాలి, లక్షణాలు చాలా దగ్గరగా ఉంటాయి.

'ఈ వయసులో ఇంకేం కాదులే' అనుకుని జాగ్రత్తలు మానేసేవాళ్లున్నారు. పొరపాటు. పీరియడ్స్ క్రమం తప్పినా గర్భం రావచ్చు. 50 లోపు వాళ్లకి పూర్తిగా ఆగిపోయాక రెండేళ్లు, 50 దాటినవాళ్లకి ఒక ఏడాది గడిచేదాకా జాగ్రత్త అవసరమేనని డాక్టర్లు చెబుతారు. మగవాడు పెద్దవాడైతే బీపీ, షుగర్, వాటి మందుల వల్ల పడకగదిలో ఇబ్బంది రావచ్చు. అదీ డాక్టర్‌కి చెప్పాల్సిందే. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి కొనుక్కునే మాత్రలతో పోదు. గుండె మందులు వాడేవాళ్లకి ఆ మాత్రలు ప్రమాదం కూడా.

ఇద్దరూ కలిసి పరీక్షలు చేయించుకోండి. మేం చేయించుకున్నప్పుడు టీచర్ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 5.4. నాది 5.9, అంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ కిందే లెక్క. రిపోర్ట్ మీద సంతకం పెట్టాల్సిన మేడం నన్నూ రిపోర్టునీ మార్చి మార్చి చూసింది. అప్పట్నుంచి నాకు చెరువు కట్ట మీద నాలుగు రౌండ్లు, చాయ్‌లో చక్కెర బంద్.

ఇంట్లో చెప్పడం

మొదట ఒక్కరికే చెప్పండి, ఇంట్లో మాట చెల్లేవాళ్లకి. నేను అక్కకి చెప్పాను. అక్క రెండు వారాలు మాట్లాడలేదు, తర్వాత బావకి తనే చెప్పింది. అమ్మకి చెప్పేసరికి నా పక్కన ఇద్దరున్నారు. అయినా తిట్లు తప్పలేదు. మా అమ్మకీ టీచర్‌కీ 12 ఏళ్లే తేడా. అమ్మ అడిగింది ఒక్కటే: "రేపు నేను మంచాన పడ్తె ఆమె నన్ను సూస్తదా, లేకపోతె నేనే ఆమెను సూడాల్నా?" మేం రాసుకున్న కాగితం ఉంది కాబట్టి నేను తడుముకోలేదు. ఇద్దరినీ నేనే చూస్తానన్నాను. "నువ్వా? అన్నం వండుడు రాదు" అంది. ఆ నెల నుంచి వంట నేర్చుకుంటున్నాను. పప్పుచారు దాకా వచ్చాను.

ఇంట్లోవాళ్లతో సచిన్, మహేష్ బాబు లాంటి పేర్లు తీయకండి. 'వాళ్లు పెద్దోళ్లు, వాళ్లకి చెల్లుతది' అంటారు, వాదన అక్కడితో మీరు ఓడిపోతారు. చెప్పిన రోజే అవతలి మనిషిని ఇంటికి తీసుకురాకండి. నెలలు పట్టనీయండి. పిల్లల ప్రశ్న తప్పకుండా వస్తుంది, దానికి ఇద్దరూ ఒకే జవాబు చెప్పాలి.

పెళ్లి ఎలా చేసుకుంటారో ముందే ఆలోచించుకోండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అయితే 30 రోజుల నోటీసు ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. మా లాంటి ఊళ్లో ఆ నోటీసు ఎవరు చదివినా స్కూల్ స్టాఫ్‌రూమ్‌కి వార్త చేరిపోతుంది. అందుకని నోటీసు ఇవ్వకముందే చెప్పాల్సినవాళ్లందరికీ మన నోటితో చెప్పేయాలి. ఇద్దరూ హిందువులైతే గుడిలో పెళ్లి చేసుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, అక్కడ ఆ నోటీసు ఉండదు. మేం అమ్మాయి బీటెక్ అయ్యాక చేసుకుంటాం.

బయటివాళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. బట్టల షాపులో "అక్కకి ఈ రంగు బాగుంటది అన్నా" అంటారు. సరిదిద్దకండి, చీర చూసుకుని రండి. ఒంటరిగా ఉన్నప్పుడు మేం నువ్వు అనుకుంటాం, నలుగురిలో మీరు అంటాను, దానివల్ల సగం ప్రశ్నలు రావు. ఫ్రెండ్స్ గ్రూపులో 'ఆంటీ' జోకులు వస్తాయి. ఒకసారి వద్దని చెప్పండి. మళ్లీ వేసినవాణ్ణి పెళ్లికి పిలవకండి, అంతే. బయటి ఊళ్లో లాడ్జిలో దిగాలంటే పెళ్లికాని ఇద్దరు మేజర్లు ఉండకూడదనే చట్టమేమీ లేదు. కానీ కొందరు ఇవ్వరు, కాబట్టి ముందే ఫోన్ చేసి, ఇద్దరి ఆధార్లూ ఉన్నాయని చెప్పి అడగండి. కౌంటర్ దగ్గర రాత్రి పదింటికి వాదన పెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు, 46 ఏళ్ల మనిషికి అసలే ఉండదు.

ఇంకొక్కటి. మా ల్యాబ్ ఫారం మీద, ఆస్పత్రి ఫారాల మీద 'ఏమవుతారు' అనే గడి ఒకటి ఉంటుంది. పెళ్లి అయ్యేదాకా అక్కడ మీరు రాయగలిగేది 'స్నేహితుడు' అని మాత్రమే. అత్యవసరంలో వాళ్లు రక్తసంబంధీకుల కోసం చూస్తారు. అందుకని టీచర్ పర్సులో ఒక చీటీ పెట్టించాను: బ్లడ్ గ్రూప్, వాడే మందులు, ఏ మందు పడదో, ఇన్సూరెన్స్ పాలసీ నంబర్, అమ్మాయి ఫోన్ నంబర్, దాని కింద నాది. అలాంటిదే నా పర్సులోనూ ఉంది. అందులో మొదటి నంబర్ అక్కది, రెండోది టీచర్‌ది. చీటీ ఆవిడకే అవసరమని అక్క అనుకుంది గానీ, రోజూ కాజీపేట బ్రిడ్జి మీదుగా బండి నడిపేది నేను.